శ్రీపతి తోరణం

మా పరాంకుశం గురువుగారిని ఏదైనా అడిగితే తిన్నగా జవాబు చెప్పరు. అది ఆయన అలవాటు. అవునంటే అవును, కాదంటే కాదు అనేస్తే మన దారిన మనం పోతాం కదా. అబ్బే, అలా చెబితే ఆయన పరాంకుశం గారెందుకవుతారు! "సరే, చూద్దాం" అంటారు. ఆ చూడటం పూర్తయ్యేసరికి అడిగినవాడికి తల ప్రాణం తోకకి వస్తుంది. ఆయన బందరులో చాలా ఏళ్ళు కళ్ళజోళ్ళ షాపు నడిపారు. గోడ మీది అక్షరాల అట్టకి ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి, ఒక అద్దం తీసి ఇంకో అద్దం పెట్టి, "ఇప్పుడో? ఇప్పుడెలా ఉంది?" అని అడగడమే బతుకంతా చేసిన పని. అక్కడ ఉన్నది ఏ అక్షరమో ఆయన మాత్రం చెప్పేవారు కాదు.

షాపు మూసేశాక ఆయన ఆకాశం మీద పడ్డారు. ఆయన వెనకాల మేం నలుగురం పడ్డాం. అలాగని మేడెక్కి మెడలు నొప్పెట్టేలా చూశామనుకునేరు. బందరు ఆకాశంలో ఏం కనపడుతుంది, నా మొహం! సముద్రపు ఆవిరి ఒక పక్క, రొయ్యల చెరువుల లైట్లు ఒక పక్క. అందుకని చిలీ దేశంలో, వాన మొహం ఎరగని ఎడారి కొండ మీద, ఎవరో పెట్టుకున్న పెద్ద టెలిస్కోపుని గంటల చొప్పున అద్దెకి తీసుకుంటాం. ఫలానా గెలాక్సీ వైపు తిరగమని ఇక్కణ్ణించి కంప్యూటర్లో చెబితే అక్కడ అది తిరిగి, ఫోటో తీసి పంపిస్తుంది. మనకి తెల్లవారే వేళకి వాళ్ళకి చీకటి పడుతుంది కాబట్టి మా నక్షత్రాలన్నీ ఇడ్లీల వేళకి ఉదయిస్తాయి. వచ్చిన ఫోటోలో ఏదో స్వర్గం ఉంటుందనుకోకండి. మసి ఉంటుంది. అలాంటివి వందలకొద్దీ తీసి, ఒకదాని మీద ఒకటి కంప్యూటర్లో పేర్చుకుంటూ పోతే, ఎప్పటికో ఆ మసిలోంచి మసకమసకగా ఏదో పైకి తేలుతుంది. ఓపిక ఉన్నవాళ్ళ పని ఇది. నేను ఇంటర్మీడియట్ పిల్లలకి లెక్కలు చెప్పి చెప్పి ఉన్న ఓపికంతా అక్కడే ఖర్చు పెట్టినవాణ్ణి. అయినా ఎందుకు వదలనో నాకే తెలీదు.

మా నలుగురిలోనూ ఓపికంటే కోదండపాణిదే. బస్సు డిపోలో కంట్రోలరు. రాని బస్సుకీ, ఆలస్యంగా వచ్చిన బస్సుకీ, వచ్చి వెళ్ళిపోయిన బస్సుకీ జనం చేత తిట్లు తినడం అతని ఉద్యోగం. రెండేళ్ళుగా ఒకే గెలాక్సీని పట్టుకుని ఫోటోలు పేరుస్తున్నాడు. ఏదైనా కొత్తది చూడవయ్యా అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా చెవిన పెట్టలేదు. ఆ ఓపికకి ఫలం దక్కిందనే అనుకున్నాం. గెలాక్సీకి ఒక పక్కన, గుమ్మానికి కట్టిన తోరణంలా వంగి, పలచటి వెలుగు ఒకటి తేలింది. మొదట నేను నమ్మలేదు. ఉన్న పటాలన్నీ వెతికాం, ఇదే పిచ్చి ఉన్న విదేశాల వాళ్ళని అడిగాం, ఎవరి దగ్గరా అది లేదు. శాస్త్రవేత్తల పెద్ద పెద్ద టెలిస్కోపుల కంట పడని ఇలాంటి మసక వెలుగులు అప్పుడప్పుడు మాలాంటి వాళ్ళకి దొరుకుతూనే ఉంటాయి. దొరికినవాళ్ళు పేరు పెట్టుకుంటారు. కోదండపాణి దానికి "శ్రీపతి తోరణం" అని పేరు పెట్టాడు.

శ్రీపతి అతని తమ్ముడు. కరెంటు పని చేసేవాడు. చిన్నప్పుడు అన్నకి నక్షత్రాలు చూపించాలని వీధి దీపం ఫ్యూజు పీకేసి, వీధి మొత్తం చేత చీవాట్లు తిన్నవాడు. కామెర్లు ముదిరి, నిండా నలభై రాకుండానే పోయాడు. పిల్లల్లేరు. భార్య ఇందుమతి కోదండపాణి ఇంట్లోనే ఉంటోంది. తోరణం సంగతి చెప్పిన రోజున ఆవిడ అందట: "బావగారూ, ఈ ఇంట్లో మీరూ నేనూ తప్ప ఆయన పేరు పలికేవాళ్ళెవరూ లేరు. మన తరవాత అదీ ఉండదు. పైన ఉంటే ఉండనివ్వండి." ఆ మాట కోదండపాణి నాకు డిపో దగ్గర టీ తాగుతూ చెప్పాడు. చెబుతూ చెబుతూ గ్లాసు పక్కన పెట్టేసి అటు తిరిగాడు.

ఇంక మన ఊళ్ళవాళ్ళ సంగతి తెలిసిందే కదా, సన్మానం చెయ్యకపోతే నిద్ర పట్టదు. పట్టణ సంఘం వాళ్ళు వచ్చే ఆదివారానికి సభ ఖాయం చేశారు. శాలువా, పూలదండ, ఎమ్మెల్యేగారు వస్తారో రారో తెలియని ఒక ఖాళీ కుర్చీ. బస్టాండు ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో ఒక పక్క కోదండపాణి, ఇంకో పక్క శ్రీపతి, మధ్యలో ఆ వంపు. రంగులు దట్టించేసరికి తోరణం కాస్తా ఇంద్రధనుస్సులా తయారైంది. సభ జరిగిన మర్నాడు ఈ కబురు విదేశాల్లో ఇలాంటివి నమోదు చేసేవాళ్ళకి పంపించాలని కోదండపాణి అన్నీ సిద్ధం చేసుకున్నాడు. పంపేముందు గురువుగారి దగ్గరికి వచ్చి అడిగాడు.

"గురువుగారూ, రెండేళ్ళ నించీ పేరుస్తున్నాను. అలిసిపోయానండీ. ఇంక చాలు కదా?"

గురువుగారు బొమ్మని చాలాసేపు చూశారు. కళ్ళజోడు తీసి, పంచె కొంగుతో తుడుచుకుని, మళ్ళీ చూశారు. "సరే, చూద్దాం. ఒకరోజు డిపోకి సెలవు పెట్టు. మధ్యాహ్నం దాకా తీద్దాం" అన్నారు.

"మధ్యాహ్నం దాకానా? పక్క మారుస్తుందండీ."

"మార్చనీ."

కోదండపాణి మొహంలో నెత్తుటి చుక్క లేదు. మీకు తెలియడానికి ఈ పక్క మార్చడం ఏమిటో చెప్పాలి. తూర్పున లేచిన నక్షత్రాన్ని వెంబడిస్తూ టెలిస్కోపు నడినెత్తి దాకా వస్తుంది. ఇంకా అలాగే సాగితే తన స్తంభానికి తనే కొట్టుకుంటుంది. అందుకని అక్కడ ఆగి, నిద్రలో మనిషి పక్క మార్చుకున్నట్టు మొత్తం తిరగబడి, కెమెరాతో సహా తలకిందులై, పడమటి వైపు వెంబడించడం మొదలుపెడుతుంది. మళ్ళీ గురి కుదిరేదాకా అద్దె గంట ఊరికే కరిగిపోతుంది. ఒక్కోసారి కుదిరి చావదు కూడా. ఆ గొడవంతా ఎందుకని మేమందరం ఆ వేళకి ముందే ఆపేస్తాం. కోదండపాణికి డ్యూటీ కూడా అప్పుడే. అలా అతను తీసిన ఫోటోలన్నీ తూర్పు సగానివే అయ్యాయి. ఇంట్లో కూర్చుని ఎవరి టెలిస్కోపుతోనో తీసేవాళ్ళే చెయ్యగల పొరపాటు ఇది. ఆకాశంలో ఉన్నదైతే టెలిస్కోపు గొట్టాన్ని ఎటు తిప్పినా బొమ్మలో ఉంటుంది. గొట్టం లోపల ఎక్కడో మెరిసిందైతే తిప్పేసరికి పోతుంది. ఈ ముక్క మా అందరికీ తెలుసు. కోదండపాణికీ తెలుసు. రెండేళ్ళూ దాని జోలికి పోలేదు, అంతే.

అతను లేచి వెళ్ళిపోయాడు. తరవాత ఫోను చేస్తే ఎత్తలేదు. డిపోకి వెళ్తే బస్సుల మధ్య దాక్కున్నాడు. నాకు గురువుగారి మీద ఒళ్ళు మండింది. తిన్నగా ఆయన ఇంటికే వెళ్ళి దులిపేశాను. "ఎందుకండీ ఈ పరీక్షలు? చచ్చిపోయినవాడి పేరు ఆకాశంలో ఏ మూలో ఉంటే ఎవడి సొమ్ము పోయింది? కోదండపాణి జన్మలో ఒక్క మంచిమాట వినలేదు. మొదటిసారి వినబోతుంటే మీరు అడ్డం పడాలా?"

"పేరు ఉండొద్దని నేనన్నానా?" అన్నారాయన.

"అన్లేదు. కానీ..."

"మధ్యాహ్నం దాకా తియ్యమన్నాను. అంతే కదయ్యా."

ఆయనా అలిసిపోయినట్టే ఉన్నారు, ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. చెప్పులేసుకుని విసవిసా వచ్చేశాను.

శనివారం పొద్దున్నే కోదండపాణి వచ్చాడు. తనంతట తను రాలేదు, ఇందుమతి తీసుకొచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. కోపం వచ్చినంత మాత్రాన ఆ ఇంటికి వెళ్ళకుండా ఉండగలనా? ఆవిడ గుమ్మంలోనే నిలబడి అంది: "గురువుగారూ, బావగారు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నారు. అడిగితే ఏమీ లేదంటారు. నిన్న పట్టుబట్టి అడిగితే చెప్పారు. మీరేదో తిప్పమన్నారటగా, తిప్పెయ్యండి. ఉందో లేదో తేలిపోతే ఈయనైనా నిద్రపోతారు. నాకు ఎదురు చూడటం కొత్తేమీ కాదు. ఆసుపత్రి వరండాలో రిపోర్టుల కోసం కూర్చున్నదాన్నే."

"కూర్చో అమ్మా" అన్నారు గురువుగారు. లోపలికి వెళ్ళి నలుగురికీ కాఫీ ఆయనే పట్టుకొచ్చారు.

చిలీలో చీకటి పడింది. ఫోటోలు ఒకటొకటే రావడం మొదలుపెట్టాయి. గురువుగారు వాటిని పేర్చుకుంటూ పోయారు. ఎండ కిటికీలోంచి లోపలికి వచ్చేసరికి మసిలోంచి గెలాక్సీ తేలింది, ఇంకొంతసేపటికి పక్కనే తోరణమూ తేలింది. కోదండపాణి కుర్చీలోంచి లేచాడు. "ఉందండీ! చూడండి, అదే వంపు, అదే చోటు" అన్నాడు. ఇందుమతి దగ్గరికి వెళ్ళి తెర మీద ఆ వెలుగుని వేలితో తాకబోయి ఆగింది. ఆవిడ దాన్ని కంప్యూటర్లో చూడటం అదే మొదటిసారి. "ఇంత చిన్నదా?" అంది. ఫ్లెక్సీలో పెద్దదిగా ఉంది మరి.

తరవాత టెలిస్కోపు పక్క మార్చింది. తెర మీద ఏమీ లేదు, తిరుగుతున్నట్టు ఒక గుర్తు తప్ప. వీధిలో ఉల్లిపాయల బండివాడు మైకులో అరుచుకుంటూ పోయాడు. గురి కుదిరింది. గురువుగారు కొత్తగా వచ్చేవాటిని పాతవాటితో కలపకుండా విడిగా పేర్చసాగారు. మసి. ఇంకొకటి వచ్చింది, మసి. నెమ్మదిగా గెలాక్సీ తేలింది. దాని పక్కన ఏమీ లేదు.

"ఇప్పుడే కదండీ మొదలైంది. ఇంకొకటి రానివ్వండి" అన్నాడు కోదండపాణి.

ఇంకొకటి వచ్చింది. తరవాత ఇంకొకటి. గెలాక్సీ చేతులు కూడా స్పష్టంగా కనిపించసాగాయి. వంపు రాలేదు. "ఇంకొక్కటండీ, మబ్బేమో" అన్నాడు. మబ్బు లేదు. "ఇంకొక్కటి." అన్నాల వేళ దాటిపోయింది, ఎవరూ లేవలేదు. చాలు కదా అని అడగడానికి వచ్చిన మనిషి ఇప్పుడు ఎన్ని వచ్చినా చాలదంటున్నాడు. ఇంకోరోజైతే నేను వేళాకోళం చేసేవాణ్ణే. ఆ రోజు నేను కూడా రా, రా అని లోలోపల ఆ వంపుని పిలుస్తూ కూర్చున్నాను. లెక్కలు చెప్పుకునేవాణ్ణి, సిగ్గు లేకుండా దేవుడికి మొక్కుకున్నాను కూడా. గురువుగారు ఒక్కసారీ కాదనలేదు. అడిగిన ప్రతిసారీ ఇంకొకటి పేర్చారు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అవి వయసు నీళ్ళో, వేరే నీళ్ళో నేను చెప్పలేను.

చివరికి చిలీలో తెల్లవారింది. పైకప్పు మూసేశామని కబురు వచ్చింది. గురువుగారు రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టారు. ఎడమవైపు దాంట్లో గెలాక్సీ, తోరణం. కుడివైపు దాంట్లో అదే గెలాక్సీ, నలుపు.

కోదండపాణి రెంటినీ చూశాడు. చూసి, జేబులోంచి ఫోను తీసి పట్టణ సంఘం కార్యదర్శికి చేశాడు. "రేపటి సభ వద్దండీ... లేదండీ, ఒంట్లో బాగానే ఉంది... అక్కడ ఏమీ లేదండీ. నేనే పొరబడ్డాను... అవునండీ, ఎవరు అడిగినా అలాగే చెప్పండి. నేను పొరబడ్డానని చెప్పండి. ఫ్లెక్సీ ఇవాళే దింపించెయ్యండి." గొంతు వణక్కుండానే చెప్పాడు. బస్సు రద్దయిందని మైకులో చెప్పడం అలవాటైన గొంతు. అటు కార్యదర్శి ఏమన్నాడో, "క్షమించండి" అని ఫోను పెట్టేశాడు.

"ఫ్లెక్సీ పారెయ్యనివ్వకండి బావగారూ. ఆయన ఫోటో ఉంది" అంది ఇందుమతి మెల్లిగా.

అప్పుడు ఏడ్చాడు. పెద్ద మనిషి, బల్ల మీద తల పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "మా వాడు రెండోసారి పోయాడు గురువుగారూ. ఈసారి నా చేతుల్తోనే పంపించాను" అన్నాడు. నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు, లేవబుద్ధీ కాలేదు.

ఇందుమతి ఏడవలేదు. కొంగు నడుముకి చుట్టుకుని, ఎడమవైపు బొమ్మలో ఆ వంపునే చూస్తూ అడిగింది. "అక్కడ లేదన్నారు, సరే. మరి ఇన్నాళ్ళూ ఎలా కనపడిందండీ? ఏమీ లేకుండానే కనపడిందా?"

గురువుగారు ఆ ప్రాంతం నక్షత్రపటం తెరిచి చూసుకున్నారు. పటం మూసి, తెర మీద తోరణం దగ్గర వేలు పెట్టారు. ఆ వేలిని పక్కకి జరుపుకుంటూ, బొమ్మ అంచు దాటించి, తెర అంచు కూడా దాటించి, వెనక గోడ మీదికి తీసుకెళ్ళి ఆపారు. "ఇక్కడ ఒక పెద్ద నక్షత్రం ఉందమ్మా. బొమ్మ ఇరుకు, దీనికి చోటు చాల్లేదు. గురి తప్పకుండా చూసుకోడానికి గొట్టంలో ఒక పక్కగా చిన్న గాజు ముక్క ఉంటుంది. దీని వెలుగు దానికి తగిలి వంగి, వచ్చి బొమ్మలో పడింది. పక్క మార్చేసరికి తగలడం మానేసింది."

ఇందుమతి ఆ గోడకేసి చూసింది. వెల్ల వేసిన గోడ, అంతే. అయినా చూపు తిప్పుకోలేదు. కోదండపాణి బల్ల మీంచి తలెత్తి, కళ్ళు తుడుచుకోకుండానే అడిగాడు. "అయితే మేం చూసిందంతా అబద్ధమేనా గురువుగారూ?"

ఆయన గోడ మీంచి వేలు తియ్యలేదు.

"వెలుగు దీనిదే నాయనా. చోటే నువ్వు పెట్టింది."